కంటిపాప

లకుముకి పిట్ట రోజూ మడుగు దగ్గరికి వచ్చి గేదె కొమ్ము మీద వాలేది. తల వంచి, రెప్ప వేయకుండా దాని కంట్లోకే చూస్తూ మాట్లాడేది. "నీ కంటిపాప ఎంత బాగుంటుందక్కా. చూస్తూ కూచుంటే పొద్దే తెలీదు" అనేది.

గేదె మురిసిపోయేది. కాకులకు తన వీపు మీది గోమారి పురుగులు కావాలి. పాలవాడికి పొదుగు కావాలి. మొహం చూసి మాట్లాడేది ఈ పిట్ట ఒక్కటే.

గేదె తన సంగతి ఏదైనా ఎత్తుకుంటే మాత్రం పిట్ట రొమ్ము విరుచుకునేది, కాస్త పక్కకు తిరిగి నీలం రెక్క సర్దుకునేది. చూపు కంట్లోంచి కదిలేది కాదు. శ్రద్ధగా వింటోందనే అనుకునేది గేదె.

ఒక పొద్దున గేదె దూడ చచ్చిపోయింది. పిట్ట రాగానే, "తమ్ముడూ, నా బిడ్డ ఇక లేదురా" అంటూ గేదె కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

పిట్ట మెడ అటూ ఇటూ తిప్పింది. "ఏడవకక్కా" అంది కంగారుగా. "నేను చెదిరిపోతున్నాను."

గేదెకు ముందు అర్థం కాలేదు. తర్వాత, ఇన్నాళ్లూ పిట్ట మెచ్చుకున్న పాప ఎవరో తెలిసింది. కళ్లు మూసుకుంది.

"తెరువక్కా, కాస్త తెరువు. నేను నాకు కనిపించడం లేదు." కొమ్ము మీద చిన్న గోళ్లు వణుకుతున్నాయి.

విదిలించేద్దామని తల ఎత్తిన గేదె విదిలించలేకపోయింది.

"ఇక్కడే ఉన్నావు నాయనా, నా కొమ్ము మీద" అంది, కళ్లు తెరవకుండానే.