రోజు విడిచి రోజు

శుక్రవారం సాయంత్రంలోగా నలభై ఒకటో నంబరు కణాలన్నిటినీ చంపెయ్యాలని ఆసుపత్రి నుంచి ఆర్డరు వచ్చింది. ఆ మాట బాబాయికి ఎవరు చెప్పాలా అని ల్యాబులో ఉదయమంతా తర్జనభర్జన పడ్డారు.

పరిశోధన చేసే పిల్లలందరికీ ఆయన బాబాయే. ల్యాబు టెక్నీషియన్. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. పదకొండేళ్ళుగా ఆ కణాలను సాకుతున్నది ఆయనే. ఎనిమిదేళ్ళ పాప కడుపులోంచి తీసిన కణితిలోని కణాలవి. ఆ రోజు ఆపరేషన్ గది బయట నిలబడి, చిన్న ముక్కను ఐసు డబ్బాలో పెట్టుకుని తెచ్చింది కూడా ఆయనే. నాలుగు నెలలకు పాప పోయింది. కణాలు మాత్రం గుండ్రటి పళ్ళెంలో పెరుగుతూనే ఉన్నాయి. వాటి మీద ముగ్గురు పిల్లలు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఒక మందు కాస్త ఆశ కూడా చూపిస్తోంది.

వాటికి రోజు విడిచి రోజు తిండి మార్చాలి. గులాబీరంగు ద్రవం. పాతది తీసేసి, కొత్తది గోరువెచ్చగా చేసి పొయ్యాలి. సెలవని, జ్వరమని బాబాయి ఒక్కసారి కూడా మానలేదు. సొంత తమ్ముడి పెళ్ళి భోజనాల్లోంచి విస్తరి వదిలేసి వచ్చాడని చెప్పుకుంటారు. పిల్లలు ఆ కణాలకు 'మహారాణిగారు' అని పేరు పెట్టారు. మహారాణిగారు భోంచేశారా బాబాయ్ అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంకొకరిని మాత్రం ఆ పళ్ళెం మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయనది పరమ చాదస్తం.

చివరికి, ఆరేళ్ళ కిందట ల్యాబు పెద్దగా వచ్చిన డాక్టరమ్మే ఆయన్ని తన గదిలోకి పిలిచింది.

"అప్పుడు తీసుకున్న అనుమతికి గడువైపోయింది బాబాయ్. మళ్ళీ సంతకాలు కావాలని పాప తల్లిదండ్రులకి కాగితాలు పంపారు. తండ్రి ఉంచమన్నాడు. తల్లి వద్దంది. ఇద్దరిలో ఒకరు వద్దన్నా వద్దనే లెక్క."

బాబాయి కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆ తల్లికి నచ్చజెప్పలేమా అని అడిగాడు. ఎవరని నచ్చజెప్పడం, మనకి వాళ్ళ పేర్లు కూడా తెలియనివ్వరు కదా అంది డాక్టరమ్మ. ల్యాబుకొచ్చిన కాగితాల మీద పేర్లన్నీ నల్లసిరాతో కొట్టేసి ఉన్నాయి. బాబాయి గొంతు తగ్గించి, ఫ్రీజర్లో ఇవే కణాలు గడ్డకట్టించి దాచిన పన్నెండు గొట్టాలున్నాయి, అందులో ఒక్కటి మిగిలితే ఎవరు చూడొచ్చారమ్మా అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నోట అడ్డదారి మాట రావడం అదే మొదలు. ఆ కణాలు పోతే డాక్టరమ్మ వాటి మీద పరీక్షిస్తున్న మందు కూడా ఆగిపోతుంది. కావాలంటే ఆమే కళ్ళు మూసుకోగలదు.

"నాకూ అదే అనిపించింది బాబాయ్. ఇది చదివాక మనసొప్పలేదు," అని ఒక కాగితం ఆయన చేతికిచ్చింది.

తల్లి రాసిన ఉత్తరం అది. నాలుగే నాలుగు వాక్యాలు.

"నా బిడ్డ చివరి నెలంతా మెతుకు మింగలేకపోయింది. దాన్ని తిన్నది మాత్రం ఈనాటికీ వేళకి తింటూ బతికే ఉంది. పదకొండేళ్ళుగా దానికి తిండి పెడుతున్న చేతులకి దండం పెట్టి అడుగుతున్నాను. ఇక పెట్టకండి."

బాబాయి జేబులోని కళ్ళజోడు తియ్యకుండానే చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం మడిచి వెనక్కి ఇచ్చాడు.

"నేనే చేస్తానమ్మా. ఈ పని ఇంకెవరికీ అప్పగించకండి."

శుక్రవారం మధ్యాహ్నం ఫ్రీజర్లోంచి పన్నెండు గొట్టాలూ తీసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి బ్లీచులో ముంచాడు. పళ్ళెం ఒక్కటే మిగిలింది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత గులాబీ ద్రవం సీసా వెచ్చచేసి, పాతది తీసేసి, కొత్తది పోశాడు.

పక్క బల్ల దగ్గరున్న పరిశోధక విద్యార్థిని అది చూసి నవ్వింది. చంపేవాటికి తిండెందుకు బాబాయ్ అంది.

"ఇవాళ తిండి రోజమ్మా."

అరగంట ఆగాడు. ఆ అరగంటా పళ్ళెం మీద నుంచి చూపు తిప్పలేదు. అప్పుడు బ్లీచు పోశాడు. గులాబీరంగు చూస్తుండగానే విరిగి తెల్లబడింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ అమ్మాయి బిత్తరపోయింది. పెద్దాయన్ని ఎలా ఊరుకోబెట్టాలో తెలియక వీపు మీద చెయ్యి వేసి, కణాలే కదా బాబాయ్, ఇంకో నంబరు పెంచుకుందాం అంది. ఆయన అలాగేనని తలూపాడు. పళ్ళెం కడిగి, బల్ల తుడిచి, రిజిస్టరులో నలభై ఒకటికి ఎదురుగా తారీఖు వేసి, సంచీ తీసుకుని బయల్దేరాడు.

ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్న భార్య సంచీ అందుకుని, ఆయన చెయ్యి మాత్రం వదలకుండా, "నా ఉత్తరం చదివారా?" అని అడిగింది.