వణకని పై పెదవి

పశువుల అంగడిలో అడుగుపెట్టేసరికి రాయమల్లు దగ్గర ఉన్నవి మూడే: రొండిన పైకం, భుజాన చచ్చిపోయిన ఎద్దు మెడలోని మువ్వల పట్టెడ, పక్కన మిషన్ బడి పంతులు పౌలు. ఇంటి దగ్గర మిగిలినవి ఒంటి ఎద్దు, బండెడు బెల్లం. మేడారం జాతర ఆరు రోజుల్లో ఉంది. అక్కడ ఆ బెల్లం అమ్ముడైతేనే రాయమల్లుకు ఏడాది గడుస్తుంది. ఎద్దుకు జత కుదరకపోతే బెల్లమంతా చీమల పాలు.

ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ముసలి పోశయ్య దగ్గర తెల్లటి ఎద్దు కనబడగానే రాయమల్లు ఆగిపోయాడు. ఎత్తూ, కొమ్మూ, నడకా అన్నీ ఇంటి ఎద్దుకు సరిజోడే.

"అగో, మొకం ఎలిగిపోతాంది. జర దాసుకో," అన్నాడు పౌలు మెల్లగా. "ఇంగ్లీషోళ్లు 'స్టిఫ్ అప్పర్ లిప్' అంటరు. లోపల ఎంత గుబులున్నా పై పెదవి వణకనియ్యరు."

"నాకు మీసమున్నది గద సారూ. వణికితె మాత్రం ఎవనికి కనబడతది?"

"నవ్వులాట గాదు. అసలు అది బేరాలకు వాడే మాటే గాదు. ఆపద మీద పడ్డా బెదరకుండ నిలబడ్డోని గురించి అంటరు."

"ఎద్దు సచ్చి పదొద్దులైంది. ఇది ఆపద గాదా సారూ?"

రాయమల్లు ముఖం బిగించి ముందుకు నడిచాడు.

పోశయ్య అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. ఆ అంగడిలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. వేలికి వంద. పోశయ్య తొమ్మిది నొక్కాడు. రాయమల్లు ఆరు.

"ముసలిదానికి గంతనా కాకా?"

"నోట్ల పండ్లు సూసి మాట్లాడు సేటూ."

రాయమల్లు ఆవులించాడు. గొర్రెల మంద వైపు తీరిగ్గా చూశాడు. ఏడు నొక్కాడు. అవతల తొమ్మిదే.

"ఉట్టిగ అడిగిన తియ్, నాకెందుకు ఎద్దు," అని పది అడుగులు పోయాడు. భుజాన మువ్వలు గలగలమన్నాయి. వెనక నుంచి పిలుపు రాలేదు. నీళ్లు తాగడానికి వెళ్లినవాడిలా తిరిగివచ్చి ఎనిమిది నొక్కాడు. ముఖం మీద ఈగ వాలినా కదిలించలేదు.

తొమ్మిదే.

చివరికి తొమ్మిదే ఇచ్చి, పట్టెడ కొత్త ఎద్దు మెడకు కట్టాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. దక్కినవి ఒక ఎద్దు, ఒక ఇంగ్లీషు మాట. బెల్లం బండి కదులుతుంది. నష్టమేమీ లేదు. కానీ ముసలాయన ఒక్క వేలు కూడా ఎందుకు దిగలేదో అంతుపట్టలేదు.

"కాకా, నిజం జెప్పు. నా మొకంల ఏం కనబడ్డది నీకు?"

పోశయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ మొకం నేనెందుకు సూస్త సేటూ? ఎద్దు అక్కర లేనోడు మువ్వల పట్టెడ భుజానేసుకొని అంగడికొస్తడా?"