వెంట్రుకంత పగులు

“మెల్లగా మాట్లాడరా, కిటికీ తీసుంది,” అన్నాడు తిహోమిర్.

యురాయ్ గొంతు తగ్గించలేదు. “నువ్వు కళ్ళారా చూశావా?”

“టార్చి వేసి మరీ చూశాను. ట్రాము రెండు పెట్టెల్నీ కలిపే కీలు దగ్గర, పైకప్పు మూలన. వెంట్రుకంత ఉంది. అది పగులు కాదు, రంగు విచ్చుకుందంతే అంటున్నారు కంపెనీవాళ్ళు.”

“నువ్వేమంటావు?”

తిహోమిర్ గసగసాల రొట్టె తుంచాడు. ఆ ఊరికి కొత్త ట్రాములు రావాలని పట్టుబట్టినవాడు అతనే. మెట్లెక్కే పని లేకుండా ముసలివాళ్ళూ, పిల్లల బళ్ళు తోసుకొచ్చే తల్లులూ నేరుగా లోపలికి నడిచిపోయే ట్రాములు. వాటికోసం నగరసభ గడపలు అరిగేలా తిరిగాడు. డిపోలో ఇప్పుడు వాటి అధికారి కూడా అతనే. చదును దారుల్లో అవి తిరుగుతూనే ఉన్నాయి. వచ్చే ఆదివారం కొండ లైను మీద తొలిసారి నడవాలి. మేయరొస్తాడు, బ్యాండొస్తుంది.

“ఆదివారం పండగ కానియ్యి,” అన్నాడు చివరికి. “తర్వాత ఒక్కొక్కటే షెడ్డులోకి తెచ్చి అతుకులు వేయిద్దాం. చేసేది నువ్వేగా.”

యురాయ్ మరమ్మతుల షెడ్డులో మేస్త్రీ. తిహోమిర్‌కి బడినాటి స్నేహితుడు, పెళ్ళికి సాక్షిగా నిలబడినవాడు.

“కొండ దిగేటప్పుడు బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. నిండా జనముంటార్రా.”

“నాకు తెలీదా? ఒక్క పండగ! ఇప్పుడు ఆపితే ఇక జన్మలో నడవనివ్వరు. కంపెనీవాళ్ళు ఎలాగూ బయటపెట్టరు. ఊళ్ళో ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. తెలియకూడదు.”

తిహోమిర్ భార్య నెవెంకా వచ్చి ఇద్దరి కప్పుల్లోనూ కాఫీ పోసి, ఖాళీ పళ్ళెం తీసుకెళ్ళింది. యురాయ్ కాఫీ ముట్టకుండానే లేచాడు.

మంగళవారం రవాణా భద్రతా అధికారులు డిపోలో దిగారు. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా ఆ ట్రాము దగ్గరికే పోయి నిచ్చెన వేసుకుని, ఆ మూలకే ఎక్కారు. సాయంత్రానికి కొత్త ట్రాములన్నీ ఆగిపోయాయి. మూలన పడేసిన పాతవి మళ్ళీ గడగడలాడుతూ రోడ్డెక్కాయి.

“ఎవరు చెప్పారు మీకు?” అని అడిగాడు తిహోమిర్.

“ఎవరో ఫోన్ చేశారు. పేరు చెప్పం,” అన్నాడు అధికారి.

తిహోమిర్‌కి పేరు అక్కర్లేకపోయింది. షెడ్డులోకి వెళ్ళి అందరి ముందూ యురాయ్ కాలరు పట్టుకున్నాడు. “నా బల్ల దగ్గర తిని, నా గొంతు కోశావు కదరా!”

“నేను కాదు.”

“మరెవరు? నేనే నిద్దట్లో లేచి ఫోన్ చేసుకున్నానా?”

యురాయ్ కాలరు విడిపించుకుని, మళ్ళీ పనిలోకి వంగాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఊరు ఊరంతా నవ్వింది. “ఏమండీ, మీ బళ్ళు వానకి కరుగుతాయటగా?” అంది కూరగాయలమ్మే ఆవిడ. తిహోమిర్‌ని అధికారి కుర్చీలోంచి లేపి, విడిభాగాల గోదాములో కూర్చోబెట్టారు.

“యురాయ్ అలాంటివాడు కాదు,” అంది నెవెంకా ఒకనాడు, చిక్కుళ్ళ పులుసు వడ్డిస్తూ.

“అయితే గోడలకి చెవులొచ్చాయా?”

“వాడి మొహం చూస్తే అబద్ధమాడినట్టు లేదు. ఒకసారి వెళ్ళి మాట్లాడు.”

“వాడి ఊసెత్తకు!”

ఆమె ఇంకో గరిటె పులుసు పోసింది.

చలికాలమంతా ట్రాముల్ని విప్పి చూశారు. మంచు కరిగే రోజుల్లో పరీక్ష చేసిన ఇంజనీరు తిహోమిర్‌ని పిలిపించి, కోసి తీసిన లోహపు ముక్క చేతిలో పెట్టింది. బయటికి వెంట్రుకంత కనిపించిన పగులు లోపల అరచెయ్యంత నోరు తెరుచుకుని ఉంది.

“కొండ లైను మీద నడిచుంటే?” అడిగాడు తిహోమిర్.

“మొదటి మలుపు దాటేదేమో. రెండోది దాటేది కాదు. పైకప్పు జనం మీదికి వచ్చేది.”

ఆ రోజు అతను ట్రామెక్కలేదు. కొండ లైను పొడుగునా నడిచి ఇంటికొచ్చాడు. బడి వదిలినట్టున్నారు, పిల్లలు స్టాపుల నిండా ఉన్నారు.

కీళ్ళన్నీ మార్చి, చట్రాలు గట్టిచేసి, వసంతంలో ట్రాముల్ని మళ్ళీ వదిలారు. ఈసారి బ్యాండు లేదు. రెండో మలుపు దాటేదాకా తిహోమిర్ తొలి ట్రాములో పైకప్పు మూల వంకే చూస్తూ కూర్చున్నాడు. దాటాక దిగి, సరాసరి షెడ్డుకి పోయాడు.

“నన్ను హంతకుణ్ణి కాకుండా కాపాడావురా. తిట్టినందుకు క్షమించు.”

యురాయ్ గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

“దేవుడి మీద ఒట్టు, నేను కాదు. ఆ రాత్రి ఫోను ముందు కూర్చున్నాను. నీ ఉద్యోగం పోతుందని చెయ్యి రాలేదు. ఈ చలికాలమంతా నాకు నిద్ర లేదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. కాసేపటికి యురాయే అతని భుజం మీద చెయ్యి వేశాడు.

తిహోమిర్ ఇంటికొచ్చి వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. నెవెంకా గిన్నెలు కడుగుతోంది.

“యురాయ్ కాదట. నిజమే చెబుతున్నాడు. మరింకెవరే? ఉన్నది మేమిద్దరమే కదా!”

“తెలిస్తే ఏం చేస్తావు?” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

“అప్పుడైతే మెడ విరిచేవాణ్ణి.”

“ఇప్పుడో?”

“ఇప్పుడా? ఆ ఫోను పట్టుకున్న చెయ్యి కళ్ళకద్దుకుంటాను.”

నెవెంకా తడి చెయ్యి తుడుచుకుని అతని ముందుకు చాచింది.