మెరిసే గాజు

“పెద్దది వద్దన్నా. ఈ చిన్నదే ఉండనీ,” అన్నాడు హనుమంతప్ప.

లక్ష్మన్న ఆశ్చర్యపోయాడు. అనంతపురంలో అచ్చాఫీసులకు కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. తన ప్రెస్సులో ఇన్నాళ్లూ సీసపు అక్షరాలు పేర్చిన హనుమంతప్పను ఇక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. అందుకోసం కంప్యూటర్లు అమ్మే దివాకర్ బెంగళూరు నుంచి రెండు మానిటర్లు తెచ్చాడు. సాయంత్రం ఒకటి ఇక్కడ ఉంచి, రెండోది తిరిగి తీసుకుపోతాడు.

పెద్దదానికి ముందు సన్నటి నల్ల వల బిగించి ఉంది. ఎంత వెలుగు పడినా మెరవదు. చిన్నది ఒట్టి గాజు. గడ్డం గీసుకోవడానికి పనికొచ్చేలా ఉంది.

“పెద్దాయనా, అందరూ మెరుపు వద్దు మొర్రో అంటాండారు. నువ్వు మెరిసేదే కావల్లంటావు. కండ్లు పోతాయప్పా!” అన్నాడు దివాకర్.

“నా కండ్లే కదప్పా. నీవి కాదు గదా.”

“రెండింటికీ రేటు ఒకటే. పెద్దదాంట్లో పెండ్లిపత్రిక మొత్తం ఒక్కసారే కనపడతాది.” దివాకర్ లక్ష్మన్న వైపు తిరిగాడు. “పెద్దాయనకు కుదరదంటే చెప్పన్నా. బెంగళూరులో నేర్చుకున్న మనిషి ఉండాడు. రేపే పంపిస్తా.”

హనుమంతప్ప ముఖం మాడిపోయింది.

“ముందు పెద్దదాని మీద చేసి చూపించు,” అన్నాడు లక్ష్మన్న. “కుదిరితే కుర్చీ నీది. లేదంటే...”

కంప్యూటర్ కోసం మిషన్ పక్కనే కట్టించిన అద్దాల గదిలో హనుమంతప్ప తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నెల రోజులు నేర్చుకున్న వేళ్లు బాగానే ఆడుతున్నాయి. రాప్తాడు వాళ్ల పెళ్లిపత్రిక అది. రాసిచ్చిన కాగితంలో పేర్లు తారుమారయ్యాయి. లక్ష్మన్న వెనక నిలబడి చెప్పాడు.

“పెండ్లికూతురు కదిరమ్మప్పా. ఓబమ్మ వాళ్ల అవ్వ. మార్చు.”

హనుమంతప్ప మార్చలేదు. ఇంకోసారి చెప్పినా మార్చలేదు. పత్రిక పూర్తిచేసి, వెనక్కి తిరిగి, “చూడన్నా,” అన్నాడు.

“ఏం చూడల్ల? అలిగితే నా మీద అలుగు. ఆ ముసలమ్మకు మళ్లా పెండ్లి ఏంటికి చేసినావు?”

దివాకర్ పగలబడి నవ్వాడు. హనుమంతప్ప తలవంచుకుని పేర్లు సరిచేశాడు.

“అన్నా, ఒక్కసారి చిన్నదాని మీద కూడా చేస్తా,” అన్నాడు.

చిన్నది తగిలించారు. ఈసారి లక్ష్మన్న కావాలనే బయటికి పోయి, కొంతసేపటికి వచ్చి తలుపు తీశాడు. గుమ్మంలోంచే, “పైన రెండు పూలు పెట్టప్పా,” అన్నాడు.

“ఒకటి చాలన్నా. రెండు పెడితే ఇరుకైతాది,” అన్నాడు హనుమంతప్ప, తల కూడా తిప్పకుండా.

లక్ష్మన్నకు ఆసక్తి పట్టుకుంది. అదే మనిషి, అవే వేళ్లు. పెద్దదాని ముందు పుల్లవిరుపుగా ఉన్నవాడు చిన్నదాని ముందు ఇంత హుషారుగా ఎందుకున్నాడు? ఆయన్ని లేపి, తానే ఆ కుర్చీలో కూర్చున్నాడు. అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు. పచ్చటి అక్షరాల వెనక, గాజులో, తలుపు కనిపించింది. తలుపు అవతల అచ్చు మిషన్ కనిపించింది. తన బట్టతల కూడా కనిపించింది.

“ఓహో! ఇదా సంగతి! నేను వస్తాండేది చూసుకొని బీడీ పారేద్దామనా?”

హనుమంతప్ప నవ్వాడు. “అట్లే అనుకోన్నా.”

“నీ బీడీ కోసం చిన్న టీవీ పెట్టుకుంటామా! దివాకర్, పెద్దదే బిగించు.”

హనుమంతప్ప నవ్వు ఆగిపోయింది. కుర్చీలో మళ్లీ కూర్చుని, భుజం మీది తువ్వాలుతో చిన్న మానిటర్ గాజును మెల్లగా తుడిచాడు.

“అట్లయితే ఆ బెంగళూరాయన్నే పిలిపించుకోన్నా. పెద్దదాంతో నాకు కాదు,” అన్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. బయట మోటారు మూలిగి ఆగింది. మిషన్ ఆగితే ఆ ప్రెస్సు ప్రెస్సులా ఉండదు. కిటికీ రెక్కలకు దుమ్ముగాలి కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది.

బల్ల వెనక గోడవార వంగి తీగలు విప్పుతున్న దివాకర్ విసుక్కున్నాడు. “పెద్దాయనా, ఈ ఊర్లో కరెంటు మళ్లా ఎప్పుడొస్తాది?”

జవాబు లేదు.

“పెద్దాయనా! నిన్నే!” ఈసారి గట్టిగా అరిచాడు.

హనుమంతప్ప గాజు తుడుస్తూనే ఉన్నాడు.

“చూడన్నా, నా మీద ఎంత కోపమో!” అన్నాడు దివాకర్.

లక్ష్మన్న ఆగిపోయిన మిషన్ వైపు చూశాడు. అది తిరుగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నోరు చూసి, చేతులు చూసి పని చేసుకోవడమే అక్కడ అందరికీ అలవాటు. హనుమంతప్పతో మిషన్ పక్కన కాకుండా, ఎదురుగా నిలబడకుండా, తానెప్పుడైనా మాట్లాడాడా? గుర్తు రాలేదు.

మెల్లగా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. కరెంటు లేని నల్లటి గాజులో హనుమంతప్ప ముఖం, దాని వెనక తన ముఖం స్పష్టంగా కనిపిస్తున్నాయి. లక్ష్మన్న గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానివ్వలేదు. పెదవులు మాత్రం బాగా విప్పి, ఒక్కో మాటకూ ఆగుతూ కదిలించాడు.

‘చిన్నదే ఉంచుకుందాం. కుర్చీ నీదే.’

హనుమంతప్ప వెనక్కి తిరగలేదు. గాజులోకే చూస్తూ నవ్వాడు.

“సరే అన్నా. దానికంత గట్టిగా అరవల్లనా, ఇనపడతాండాది కదా!”