పాలతల్లి కావలెను

"రాత్‌బాన్‌ని మించిన పందెపు గుర్రం ఇంతవరకూ పుట్టలేదు!" అని బల్ల గుద్దాడు డోనల్.

గ్లాసుల్లో నల్లబీరు తొణికింది.

"ఎందుకు పుట్టలేదు? కింగ్స్ బార్లీ పుట్టింది," అన్నాడు ఫింటన్. "మీ రాత్‌బాన్ ఐర్లండ్ దాటి ఒక్క పందెమైనా పరిగెత్తిందా? సొంతూళ్ళో అందరూ మొనగాళ్ళే."

"మోకాల్లోతు బురదలో, అన్నిటికంటే ఎక్కువ బరువు మోస్తూ గెలిచిందిరా అది. నీ బార్లీని ఆ బురదలో దింపితే పడవ అడిగేది!"

బార్ అంతా ఘొల్లుమంది.

డోనల్ మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. నోరు ఊరుకుంటే భయం వేస్తోందని వాదిస్తున్నాడంతే.

రాత్‌బాన్ పుట్టింది తాత హయాంలో, డోనల్ వాళ్ళ గుర్రాలశాలలోనే. ఇప్పుడు ఆ శాలను చెల్లెలు ఊనా, ముసలి తండ్రి ఎమన్ చూసుకుంటున్నారు. రాత్‌బాన్ రక్తంలో మిగిలిన ఒకే ఒక్క ఆడగుర్రం ఆ తెల్లవారుజామున పిల్లను కని చచ్చిపోయింది. పిల్లేమో సీసా నోట్లో పెడితే తల తిప్పేస్తోంది. పాలున్న మరో గుర్రం వెంటనే దొరక్కపోతే పిల్లా దక్కదు, ఆ వంశమూ దక్కదు.

శాల ఎక్కడో లోపల ఉంది కాబట్టి, రోడ్డు మీదున్న బార్ గుర్తు పెట్టి పొద్దున్నుంచీ రేడియోలో చెప్పిస్తున్నారు. "పాలతల్లి కావలెను. పిల్ల చనిపోయిన గుర్రం ఎవరి దగ్గరైనా ఉంటే డోనల్ బార్‌కి రండి."

ఒక్కరూ రాలేదు.

ఫోను మోగింది.

"అన్నయ్యా, ఎవరైనా వచ్చారా?" అని అడిగింది ఊనా.

"ఇంకా లేదమ్మా. వస్తారు."

"కాళ్ళ మీద నిలబడలేకపోతోంది అన్నయ్యా. నా చెయ్యి నాకుతోంది గానీ సీసా మాత్రం పట్టడం లేదు."

అతను ఫోను పెట్టేసరికి ఎవరో తలుపు కొట్టారు. డోనల్ ఒక్క ఉదుటున వెళ్ళి తీశాడు.

వానలో ఒక ముసలామె. తల మీద పూలరుమాలు, చంకలో గోనెసంచి. రోడ్ల పక్కన బళ్ళలో కాపురముండే సంచారజాతి మనిషని చూడగానే తెలిసిపోతోంది. ఆ చుట్టుపక్కల ఏ బారూ వాళ్ళను లోపలికి రానివ్వదు. పొమ్మని ఎవరూ అనరు, అంత మర్యాదస్తులు మరి. ప్రైవేటు పార్టీ ఉందంటారు.

"ఇవాళ ప్రైవేటు పార్టీ అమ్మా," అన్నాడు డోనల్.

"తాగడానికి రాలేదు బాబూ. నా గుర్రం..."

"గుర్రాలు కొనడం లేదు."

"అమ్మడానికి కాదయ్యా, కాస్త నా మాట..."

"చెప్పాగా! అసలే నా ప్రాణాలు పోతుంటే మధ్యలో నువ్వొకతివి. వెళ్ళు."

తలుపు వేసేశాడు.

"వాళ్ళ బళ్ళు లాగే మచ్చల గుర్రాల్లో ఒకటై ఉంటుంది. దాన్ని కూడా మన పోటీలో చేర్చరా," అన్నాడు ఫింటన్.

ఈసారి డోనల్ కూడా నవ్వాడు.

చాలాసేపటికి మళ్ళీ ఫోను.

"అన్నయ్యా, ఆమె వచ్చిందా?"

"ఎవరు?"

"ఎవరో ముసలామె. రేడియోలో విని మచ్చల గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తోందట. పోస్టాఫీసు దగ్గర నీ బార్‌కి దారి అడిగిందట. నిన్న రాత్రే దాని పిల్ల పోయిందట అన్నయ్యా, పొదుగు నిండా పాలట!"

డోనల్ తలుపు వైపు చూశాడు.

"అన్నయ్యా! వచ్చిందా, లేదా?"

అతను ఫోను వదిలేసి పరిగెత్తాడు. గుర్రాలను ఎక్కించే ట్రైలర్‌ని కారుకి తగిలించాడు. ఫింటన్ పక్కన ఎక్కాడు.

మొదట పట్టుకున్న దారిలో ఆమె లేదు. వెనక్కి తిప్పారు. రెండో దారిలోనూ లేదు. "దేవుడా, ఈ ఒక్కసారికీ," అని స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాడు డోనల్.

చివరికి కాలవగట్టు మీద కనిపించింది. తడిసి ముద్దయి, గుర్రం పక్కనే నడుస్తోంది.

డోనల్ బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. తర్వాత నన్ను తిట్టు, కొట్టు. ముందు రా తల్లీ!"

"తిట్టే తీరికెక్కడుంది? ట్రైలర్ తలుపు తియ్యి," అంది ఆమె. గోనెసంచి ఎత్తి చూపించింది. "తోలు కూడా తెచ్చాను."

చచ్చిన పిల్ల తోలు. దాన్ని తల్లిలేని పిల్లకు కప్పితే, గుర్రం వాసన చూసి తన బిడ్డే అనుకుని పాలిస్తుంది. తన చేత్తో పెంచిన గుర్రం కన్న పిల్లను తన చేత్తోనే ఒలిచి తెచ్చిందామె.

శాల ముందు కారు ఆగీ ఆగకముందే డోనల్ దూకి లోపలికి పరిగెత్తాడు.

ఊనా గడ్డి మీద కూర్చుని ఉంది. పిల్ల తల ఆమె ఒళ్ళో ఉంది.

"ఇప్పుడే అన్నయ్యా," అంది. "ఇప్పుడే."

ట్రైలర్‌లోంచి గుర్రం సకిలించింది. దాని పొదుగు నుంచి పాలు కారిపోతున్నాయి.

ముసలామె వచ్చి గడ్డి మీద చతికిలబడింది. పిల్ల మెడ నిమిరి, దాని కళ్ళు మూసింది.

"కాస్త ముందొచ్చుంటే తాగేది," అంది, ఎవరి వైపూ చూడకుండా.

డోనల్ గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఫింటన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఇంట్లోంచి ఎమన్ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. ముసలామెను చూసి నిలబడిపోయాడు. తల మీద టోపీ తీశాడు.

"విన్నీ? నువ్వేనా?"

"నేనే ఎమన్. ఈసారి అందుకోలేకపోయాను."

డోనల్ కళ్ళు తుడుచుకుని తిరిగాడు. "ఈమె నీకెలా తెలుసు నాన్నా?"

"మీ తాత బయటికి పొక్కనివ్వలేదు గానీ, రాత్‌బాన్ పుట్టిన పూటే తల్లి చచ్చిపోతే, ఇలాగే వానలో పాలగుర్రాన్ని నడిపించుకొచ్చి దాన్ని బతికించింది ఈ విన్నీయేరా," అన్నాడు ఎమన్.