మూడు పోగులు

“రెండువేల రెండొందల వాట్ల హీటరు, రెండొందల ఇరవై వోల్టులు. అంటే పది ఆంపియర్లు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు పోతుంది. అంతేనా నాన్నా?”

“అంతే.” పాతికేళ్లుగా ఫ్యూజులు వేస్తున్న తండ్రి మురిసిపోయాడు.

“మాటిమాటికీ పోతోందని ఒకడు లావు తీగ వేశాడట. ఏమవుతుంది?”

“ఫ్యూజు నిక్షేపంలా ఉంటుంది. గోడలో వైరు తగలబడుతుంది.”

కూతురు ఫక్కున నవ్వింది. “తెలిసీ ఎవడైనా వేస్తాడా?”

తండ్రి ముఖం మాడిపోయింది. ఫ్యూజు నిలవడం లేదని మేడమీది బామ్మగారు పొద్దున ప్రాణం తోడేశారు. పని కాగానే, “నీ చేతి చలవ నాయనా, ఇక పోదు” అని దీవించారు.

సంచీ అందుకున్నాడు.

“ఎక్కడికి నాన్నా?”

“బామ్మగారు హీటరు పెట్టే వేళైంది.” కూతురి మొహం చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు. “ఒక్క పోగు వేయాల్సిన చోట మూడు మెలేసి వచ్చానమ్మా.”