ముసలాళ్ళకు తోడు

“కాశీలో నాను కాకరకాయ వదిలేస్తాను” అని ప్రకటించాడు కూర్మయ్య.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న చిన్నతల్లి చెయ్యి ఆగిపోయింది.

“ఏనాడైనా కాకరకాయ నోట పెట్టినావేటి? ఇష్టమైంది వదలాల. ఆ సుట్ట వదిలెయ్.”

“సుట్ట కాయా, పండా? కాయో పండో వదలమన్నారు గానీ...”

“అయితే వంకాయ వదులు.”

కూర్మయ్య మొహం అప్పుడే వంకాయ వదిలేసినవాడి మొహంలా అయింది. పక్కనే మోకాళ్ళు రుద్దుకుంటున్న అతని భార్య గురమ్మ అందుకుంది. “వంకాయ వదిలేస్తే ఈయనగోరికి రోజూ ఏటొండాల? ఇంటికొచ్చినాక నా పేణం తీస్తాడు. కాకరకాయే వదలనీ.”

చిన్నతల్లి నిట్టూర్చింది. ఈ ముసలివాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని పూరీ, గయ, కాశీ తిరిగి రావాలి. ఒకరు చుట్ట లేనిదే కదలరు. ఇంకొకరు చుట్ట ఉన్నా కదల్లేరు.

అయినా తప్పదు. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒకటే కోరిక, గంగలో ఒక్క మునక. ఒక ఏడు వరదొచ్చింది. ఒక ఏడు ఇంట్లో పురుడొచ్చింది. ఒక ఏడు అన్నీ సర్దుకున్నాక ఎద్దు చచ్చిపోయింది. ఈ ఏడు పంట బాగా పండింది. ఇప్పుడు వెళ్ళకపోతే మరి వెళ్ళలేననిపించింది చిన్నతల్లికి.

వీధిలో సైకిలు గంట మోగింది. జగన్నాధం వస్తున్నాడు. రాజాంలో ఉంటాడు. ఏటా వేసవిలో జనాన్ని పోగుచేసి ఉత్తరాది యాత్రలకు తీసుకెళ్తాడు. ఎవరిని తీసుకెళ్ళేదీ లేనిదీ ఇంటికొచ్చి చూసి చెబుతాడు.

చిన్నతల్లి చింతపండు చేట పక్కకు తోసి, చరచరా నడవలోకి పోయి తలుపు చాటున నిలబడింది. పరాయి మగవాడు వస్తే కోడళ్ళు తలుపు చాటునుంచే మాట్లాడటం ఆ ఇంటి పద్ధతి. వయసు మళ్ళాక ఆ పట్టింపు ఉండదు. అందుకని గురమ్మ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

జగన్నాధం అరుగు మీద కూర్చుని, కూర్మయ్యను సంతలో ఎద్దును చూసినట్టు పైనుంచి కిందికి చూశాడు.

“అరవై దాటినాయా తాతా?”

“మొన్నే దాటినాయి బాబూ.”

“మొన్న కాదు, బాగా అటుమొన్న” అంది గురమ్మ.

“చూడండి, నేను ముందే చెప్పేస్తన్నాను. కిందటేడు గయలో ఒక ముసలాయన్ని మెట్ల మీద నేనే మోసినాను. ఆయన పుణ్యం ఆయన పట్టుకుపోయాడు, నా నడుం మాత్రం ఇప్పటికీ లేవనంటంది. అందుకే ఈసారి రూలు పెట్టినాను. డెబ్భై దాటినోళ్ళకి ఇక్కడినుంచే దండం. అరవై దాటినోళ్ళకి వయసులో ఉన్న మనిషి తోడు ఉండాలి. లేపోతే లేదు.”

కూర్మయ్య దిగాలుగా తలుపు వంక చూశాడు.

“తోడెందుకు నేదు? నానొస్తన్నాను” అంది తలుపు చాటునుంచి చిన్నతల్లి. చేనుగట్టు మీద నిలబడి పిలిస్తే పక్క ఊరి కూలీలు కూడా పలికే గొంతు అది.

జగన్నాధం ఉలిక్కిపడి సర్దుకుని కూర్చున్నాడు. “ఎవరూ, కోడలుగారా?”

తలుపు ఇంకాస్త దగ్గరకు పడింది. ఆ సిగ్గుకు జగన్నాధం ముచ్చటపడ్డాడు. గురమ్మకు హఠాత్తుగా దగ్గు వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇద్దర్నీ రైలెక్కించాలి, దింపాలి. నీళ్ళలో ముంచి మళ్ళీ పైకి తియ్యాలి. చెయ్యగలరా మరి?”

“రోజూ సేసే సాకిరీయే గదా బాబూ. ఒకలికి పొద్దున్నే గెంజి, ఇంకొకలికి కాళ్ళకి ఆముదం. ఇక్కడ సేసింది అక్కడ సెయ్యలేనేటి?”

కూర్మయ్య ఇబ్బందిగా కదిలాడు. “అది కాదు బాబూ, ఈవిడ...”

తలుపు గొళ్ళెం టక్కుమంది. కూర్మయ్య నోరు మూసుకున్నాడు.

“ఈ రోజుల్లో పెద్దాళ్ళకి ఇంత చేసే మనిషి దొరకడం మీ అదృష్టం తాతా. మా ఆవిడకి చెబుతాను, వింటాది” అంటూ జగన్నాధం లేచాడు. ముగ్గురికీ చోటు ఖాయమైంది.

సైకిలు సందు తిరిగిందాకా ఆగి, కూర్మయ్య గుసగుసలాడాడు. “కాశీకెళ్తా ఇదేం పని? పాపం తగల్దా?”

“నాను ఒక్క అబద్ధం ఆడినానేమో సెప్పు” అంది చిన్నతల్లి, మళ్ళీ చేట ముందుకు లాక్కుంటూ.

అనుకున్న రోజున కోటబొమ్మాళి స్టేషనుకు ప్యాసింజరు వచ్చింది. రాజాం జట్టంతా ఆమదాలవలసలోనే ఎక్కేసింది. జగన్నాధం పెట్టె గుమ్మంలోంచి వంగి “రండి, రండి, ఎక్కువసేపు ఆగదు” అని కేకలు పెడుతున్నాడు. తల నిండా ముసుగు కప్పుకున్న చిన్నతల్లి ముందు గురమ్మను ఎక్కించింది. వెనకనుంచి కూర్మయ్యను ఒక్క తోపు తోసింది. ట్రంకుపెట్టె అందించి, ఊచ పట్టుకుని తనూ ఎక్కి కూర్చుంది.

గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది.

జగన్నాధం చెమట తుడుచుకుంటూ వచ్చి, “అమ్మయ్య! ఇంతకీ మీ కోడలుగారేరీ తాతా?” అని అడిగాడు.

స్టేషను బాగా వెనకబడిపోయిందని కిటికీలోంచి చూసి రూఢి చేసుకున్నాక, కూర్మయ్య తన పక్కనే ముసుగు తీసి కూర్చున్న ఎనభై ఏళ్ళ చిన్నతల్లిని చూపించి, “కోడలెక్కడిది బాబూ, నన్ను కన్నతల్లి” అన్నాడు.